బల్ల మీద అస్సాయీ యుద్ధం – ఐదవ పాఠం: బేసు వెడల్పు, తరువాతే మట్టి గోడలు

1803లో మరాఠాలకూ ఈస్టిండియా కంపెనీకీ జరిగిన అస్సాయీ యుద్ధాన్ని చిన్న బొమ్మలతో బల్ల మీద ఆడే మన ఆటకు, ఈ వారం అస్సాయీ గ్రామపు గోడలు కట్టడం మొదలుపెట్టవలసి ఉంది. అయితే నాలుగవ పాఠం చదివి బొమ్మలను బేసుల (కింద ఉండే చిన్న పలకల) మీద అతికించినవారిలో చాలామంది, బల్ల మీద రెండు నదుల మధ్య సైన్యం పట్టడం లేదని రాశారు. మీరు పంపిన ఫొటోలలో కంపెనీ తరఫున పోరాడిన మద్రాసు సిపాయిల ఎర్రకోట్లు, తెల్లటి పొట్టి లాగులు చక్కగానే ఉన్నాయి. బేసులను మాత్రం బొమ్మ సుఖంగా నిలబడేంత వెడల్పుగా కోసుకున్నారు. అందువల్ల గోడలు కొంతసేపు ఆగక తప్పదు.

మన ఆటలో కొలతలు రెండు. 15 మిల్లీమీటర్ల బొమ్మ అసలు మనిషిలో దాదాపు నూరవ వంతు ఉంటుంది. నేలకు మాత్రం ఒక గజానికి ఒక మిల్లీమీటరు చొప్పున లెక్క పెట్టుకున్నాం, అంటే అది అసలు నేలలో తొమ్మిది వందలవ వంతు కన్నా చిన్నది. బేసు వెడల్పు నేల కొలత మాట వినాలి తప్ప బొమ్మ మాట కాదు. ఐదు వందల మంది బెటాలియన్ రెండు వరుసలుగా నిలిస్తే ముందు వరుసలో 250 మంది ఉంటారు. భుజం భుజం ఆనించి నిలిచిన సైనికుడికి 22 అంగుళాల చోటు చొప్పున వేస్తే మొత్తం 5,500 అంగుళాలు, అంటే సుమారు 150 గజాలు అవుతుంది. కాబట్టి మన బల్ల మీద ఆ బెటాలియన్ ముఖం, అంటే ముందు వరుస పొడవు, 150 మిల్లీమీటర్లే ఉండాలి. వరుసకు 12 చొప్పున 24 బొమ్మలు, ఆరేసి బొమ్మలకు 37.5 మిల్లీమీటర్ల బేసు ఒకటి, అలాంటివి నాలుగు.

బొమ్మకు 20 మిల్లీమీటర్ల చొప్పున కోసినవారి బెటాలియన్ 240 గజాలకు సాగిపోయింది. కొన్ని మిల్లీమీటర్లే కదా అని ఒకరు అడిగారు. 1803 సెప్టెంబరు 23న, సింధియా కొలువులోని జర్మన్ అధికారి పోల్‌మన్ తన మరాఠా కాల్బలాన్ని కైత్నా నదికీ, జువా వాగు ఒడ్డునున్న అస్సాయీకీ మధ్య సుమారు ఒక మైలు పొడవున నిలిపాడు. అది మన బల్ల మీద 1,760 మిల్లీమీటర్లు, ఆరడుగుల భోజనాల బల్లకు సరిగ్గా సరిపోయే కొలత. కంపెనీ సేనాపతి వెల్లెస్లీ వద్ద ఉన్న ఆరు బెటాలియన్లనూ ఒకే వరుసలో పరిచినా 900 మిల్లీమీటర్లకు మించవు, అంటే దాదాపు సగం మైదానం ఖాళీగానే ఉంటుంది. కుడివైపున ఆరక్ అనే అధికారి నడిపించిన పికెట్లు (కాపలా దళాలు) దారి తప్పి అస్సాయీ వైపు మరీ దూరం వెళ్లడం, వాళ్ల వెనుకే 74వ రెజిమెంటు నడవడం, వరుసలో అలా సందు ఏర్పడి, ఒంటరైన ఆ రెజిమెంటు ఫిరంగులకూ గుర్రపుదళానికీ చిక్కి నలిగిపోవడం, ఇవన్నీ ఆ ఖాళీ ఉన్నందువల్లనే జరిగాయి. 240 మిల్లీమీటర్ల బెటాలియన్లు పరిస్తే ముఖం 1,440కి చేరి సందు మూసుకుపోతుంది. అప్పుడు మీరు ఆడేది అస్సాయీ కాదు, ఎర్రకోట్లు తొడిగిన మరేదో యుద్ధం.

ఫిరంగుల విషయంలో ఈ తప్పు మరింత ఘోరంగా కనిపిస్తుంది. ఆ రోజు పట్టుబడిన మరాఠా ఫిరంగులు 98. ఒక్కోదానికి 40 మిల్లీమీటర్ల బేసు ఇస్తే నాలుగు మీటర్ల బల్ల కావాలి. ఎనిమిది ఫిరంగులకు ఒక నమూనా చాలు, పన్నెండు నమూనాలతో పని అయిపోతుంది. 1824లో ప్రష్యా సైనికాధికారి రైస్విట్స్ తన యుద్ధక్రీడకు 1:8000 పటాన్ని వాడి, దళాల దిమ్మెలను ఆ పటం కొలతకే చేయించాడు. బొమ్మల అందం చూసి నేలను మరచిపోయే జబ్బు మనకు తరువాత పట్టింది. లోతు విషయంలో మాత్రం అబద్ధం తప్పదు: రెండు వరుసల అసలు లోతు కొద్ది గజాలే అయినా మన బేసు 25 మిల్లీమీటర్లు ఆక్రమిస్తుంది, దాన్ని ఒప్పుకొని ముందుకు సాగాలి.

ఇప్పటికే అతికించినవారు బొమ్మను పట్టుకుని గుంజవద్దు, చీలమండ దగ్గర విరుగుతుంది. మామూలు ఫెవికాల్ అయితే గోరువెచ్చని నీటిలో ఉంచితే మెత్తబడుతుంది. ఎండీఎఫ్ (చెక్కపొడి పలక) బేసు ఉబ్బిపోతుంది కానీ అది ఎలాగూ పారేయవలసినదే. సూపర్ గ్లూ వాడితే గంటసేపు ఫ్రీజర్‌లో పెట్టి, సన్నని బ్లేడుతో మెల్లగా లేపండి.

ఇక గోడలు. ఐదు మిల్లీమీటర్ల సన్‌బోర్డును (తేలికైన ఫోమ్ పలకను) 25 మిల్లీమీటర్ల ఎత్తున కోయండి. పై అంచును గోటితో నొక్కి అక్కడక్కడ అణచండి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌తో టిష్యూ కాగితం అంటించి, తడి ఆరకముందే జల్లించిన ఇసుక చల్లండి. గోడ ఎత్తు బొమ్మ కొలతలో, గ్రామం హద్దు నేల కొలతలో ఉంటాయి కనుక లోపల మూడు నాలుగు ఇళ్లకే చోటు ఉంటుంది, అవే ఊరని అనుకోవాలి. మరాఠ్వాడాలో మన రాయలసీమ మట్టి మిద్దెలలాంటి చదును కప్పులే వేస్తారు, కాబట్టి యూరప్ సెట్లలో వచ్చే ఎర్రపెంకుల ఇళ్లను పక్కన పెట్టేయండి. నేలకు పచ్చగడ్డి పొడి చల్లవద్దు. అది నల్లరేగడి నేల, ముదురు గోధుమరంగులో నలుపు కలిపి వేసి, పైన బూడిదరంగును దాదాపు ఆరిన బ్రష్‌తో తాకిస్తే చాలు. నేను 15 మిల్లీమీటర్ల బొమ్మలకు కళ్లు కూడా వేయను, రెండడుగుల దూరం నుంచి అవి ఎవరికీ కనిపించవు.

అభ్యాసం: గట్టి అట్టతో 150 మిల్లీమీటర్ల ముక్కలు పదకొండు కోసి, కైత్నా ఉత్తరపు ఒడ్డున దక్షిణముఖంగా పరచండి. ఒక్కో ఎత్తుకు (ముక్కలను కదిపే ఒక్కో వంతుకు) 100 మిల్లీమీటర్ల చొప్పున మాత్రమే కదుపుతూ, ఏ ముక్కా మరొకదాని మీద ఎక్కకుండా, వరుస మొత్తాన్ని కైత్నాకూ అస్సాయీకీ మధ్య తూర్పుముఖంగా తిప్పండి. పోల్‌మన్ ఆ పనే చేశాడు. పట్టిన ఎత్తులు లెక్క పెట్టి, తరువాత 240 మిల్లీమీటర్ల ముక్కలు ఏడింటితో మళ్లీ ప్రయత్నించండి. రెండు లెక్కలూ, స్కేలు పక్కన పెట్టి నిటారుగా పైనుంచి తీసిన ఫొటోతో సహా, ఆరవ పాఠానికి ముందే పంపాలి.