బస్తా ఎత్తే ముందు మీ కండలూ ఎముకలూ ఏం చేస్తున్నాయో ఓసారి చూస్కోండి

మా కోనసీమలో దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలైతే చాలు, ఎవరో ఒకళ్ళు నడుం పట్టేసిందని మంచం ఎక్కుతారండి. ధాన్యం బస్తా అంటే 75 కేజీలు కదా, బలం చాలకే అలా అయ్యిందనుకుంటారు గానీ, బరువు ఒంటికి ఎంత దూరంలో ఉంది అన్నదాంట్లోనే చాలావరకూ ఉంటుంది సంగతి. చదవడం కంటే చేసి చూస్తే బాగా తెలుస్తుంది, పక్కన టేబుల్ ఉంటే ఇప్పుడే చెయ్యండి.

కుడి అరచెయ్యి పైకి తిప్పి టేబుల్ కింద పెట్టి పైకి నొక్కండి, ఎడం చేత్తో జబ్బ ముందు కండ పట్టుకోండి, గట్టిపడింది కదా. ఇప్పుడు చెయ్యి టేబుల్ మీద పెట్టి కిందకి నొక్కండి, ఈసారి జబ్బ వెనక కండ బిగుస్తుంది, ముందుది వదులైపోతుంది. ఎందుకంటే కండ లాగగలదు అంతే, తొయ్యలేదు. అందుకే కీలుకి అటొకటి ఇటొకటి ఉంటాయి, ఒకటి మడుస్తుంది ఇంకోటి చాపుతుంది.

మళ్ళీ పైకి నొక్కుతూ మోచేతి మడత మధ్యలో వేలు పెట్టండి, గట్టిగా బిగుసుకున్నది ఒకటి తగుల్తుంది. కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్ అది. కీలు దాటాక సుమారు 4 సెంటీమీటర్ల దూరంలో ముంజేతి ఎముకని పట్టుకుంటుంది, మీ అరచెయ్యేమో 32 సెంటీమీటర్ల దూరంలో ఉంది. తలుపుని బందు దగ్గర తోస్తే ఎంత కష్టమో ఆ కండదీ అదే కష్టం, చేతిలో 5 కేజీల బకెట్ ఉంటే అది దాదాపు 40 కేజీల బలంతో లాగాలి. మరి ఒళ్ళు ఇలా ఎందుకుంది అంటే, కండ ఒక్క సెంటీమీటరు ముడుచుకుంటే అరచెయ్యి 8 సెంటీమీటర్లు కదుల్తుంది, బలంలో పోయింది వేగంలో వస్తుంది, గోదాట్లో వల విసిరేవాళ్ళ చేతులు అంత చురుగ్గా తిరిగేది అందుకేనండి.

ఇప్పుడు నడుం దగ్గరికి రండి. వెన్నుపూసకీ వెన్నుపూసకీ మధ్య మెత్తటి దిండులా ఉండేదే డిస్క్. వెన్నుపూసల వెనక నిలువుగా ఉండే కండలు ఆ డిస్క్ మధ్య నుంచి చూస్తే సుమారు 5 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి. 25 కేజీల బియ్యం బస్తాని 50 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని ఎత్తారంటే వాటి మీద 250 కేజీల లాగుడు పడుతుంది, అదే బస్తా పొట్టకి ఆనించుకుని 25 సెంటీమీటర్లకి తెచ్చారంటే 125కి దిగిపోతుంది, వంగిన మీ ఒంటి బరువు దీనికి అదనం. డిస్కుల మీద పడే ఒత్తిడి కూడా దాంతోపాటే తగ్గుతుంది.

అందుకని బస్తాకి ఎదురుగా, బాగా దగ్గరగా, కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడండి, నడుం గుండ్రంగా వంచకుండా తుంటి దగ్గరా మోకాళ్ళ దగ్గరా వంగండి, ముందు బస్తాని మీ వైపు లాక్కోండి, ఆ తర్వాతే లేవండి. అప్పుడు పని పిరుదుల కండలకీ తొడ కండలకీ వెళ్తుంది, ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండ పిరుదుదే మరి. మోకాలి చిప్ప కూడా ఊరికే లేదు, తొడ కండ టెండన్‌ని కీలు నుంచి కొంచెం ముందుకి జరిపి దాని లాగుడుకి పట్టు పెంచుతుంది. పక్కకి తిరగాలంటే నడుం మెలితిప్పకండి, పాదాలు తిప్పండి. పూర్తి ధాన్యం బస్తా మాత్రం ఒక్కళ్ళే ఎత్తొద్దు, ఇద్దరు పట్టండి. హమాలీలు కూడా బస్తాని వీపు మీదకి వేసుకుని కాస్త ముందుకి వంగి నడుస్తారు చూడండి, బరువు సరిగ్గా పాదాల మీదకి వచ్చేస్తుంది.

ఊడ్పుల్లో ఆడవాళ్ళ సంగతి ఎవరూ పట్టించుకోరు, నాకు అదే బాధ. పూర్తిగా కిందకి వంగి ఉండిపోతే నడుం కండలు పని మానేస్తాయి, బరువంతా ఎముకని ఎముకకి కట్టి ఉంచే లిగమెంట్లూ, డిస్కులూ మోస్తాయి, గంటలకొద్దీ అలా ఉంటే అవి సాగి వదులౌతాయి. మధ్యమధ్యలో లేచి చేతులు నడుం మీద పెట్టుకుని కొంచెం వెనక్కి వాలాలి. అలా చాలాసేపు వంగాక వెంటనే నారు కట్టలు ఎత్తకండమ్మా, నాలుగు నిమిషాలు నిలబడి అటూ ఇటూ నడిచి అప్పుడు ఎత్తండి.

మామూలు పట్టు అయితే మంచం మీదే ఉండిపోకుండా మెల్లగా తిరుగుతూ ఉంటేనే త్వరగా తగ్గుతుంది. కాలు తిమ్మిరెక్కి పట్టు తప్పుతుంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఒంటికో రెంటికో పట్టు తెలియకపోయినా, తొడల మధ్య స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగొద్దు, ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి.