ఇంటి విచారణకు చీర అరువు తెచ్చుకోకండి

నేను ఆడదాన్ని, 42 ఏళ్లు, పెళ్లి చేసుకోలేదు. క్రాపు, షర్టు, ప్యాంటు. ఇంటర్ నుంచీ ఇదే వేషం. బాలసదనంలో ఉన్న పాపను ఫోస్టర్ కేర్ (దత్తత కాకుండా, పిల్లని ఇంట్లో పెట్టుకుని పెంచడం) కింద ఇంట్లో పెట్టుకుందామని దరఖాస్తు పెట్టాను. నాలాంటివాళ్లు పెట్టాలనుకుంటే నేను పడ్డ తిప్పలు పనికొస్తాయి.

ముందు అర్హత చూసుకోండి. కేంద్ర ప్రభుత్వం 2024లో ఇచ్చిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం పెళ్లికానివాళ్లు, విడాకులైనవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. వయసు 35 నుంచి 60 మధ్య ఉండాలి. ఒంటరి ఆడవాళ్లకు పాపనైనా బాబునైనా ఇస్తారు, ఒంటరి మగవాళ్లకు బాబునే. బట్టల గురించి, జుట్టు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

అసలు టెన్షన్ సోషల్ వర్కర్ ఇంటికొచ్చే రోజే. "ఆ ఒక్కపూటా చీర కట్టుకోవే" అని పక్కింటి పిన్ని తన చీరే ఇచ్చింది. ఒక చేత్తో కుచ్చిళ్లు, ఇంకో చేత్తో టీ. సగం టీ ఆవిడ ఫైలు మీదే పడింది. తుడుస్తూ ఆవిడ గోడ మీద బుల్లెట్ బండి పక్కన నా ఫొటో చూసి, "మీ తమ్ముడా అండీ?" అంది. నేనేనన్నాను. అక్కణ్ణించి ప్రతి ప్రశ్నలోనూ అనుమానమే. తప్పు నాదే, దాచినట్టు కనిపించాను. రెండోసారి షర్టులోనే కూర్చున్నాను.

"పాపకి జడ ఎవరేస్తారు?" అని అడుగుతారు. కోపం తెచ్చుకోకండి. నేనైతే మా మేనకోడలికి మూడేళ్లు రెండు జడలేసి బడికి పంపానని చెప్పాను. రాత్రి జ్వరమొస్తే ఏ ఆసుపత్రి, మీరు డ్యూటీలో ఉంటే పిల్ల దగ్గర ఎవరు, పిల్ల ఎక్కడ పడుకుంటుంది, ఇవన్నీ ముందే తేల్చుకోండి. చుట్టుపక్కలవాళ్లనీ వాకబు చేస్తారు కాబట్టి వాళ్లకి మీ నోటితోనే ముందు చెప్పుకోండి. మా పిన్ని నాకోసం అరగంట మాట్లాడింది, చీర మరక సంగతి తప్ప.

వేషం మీదే నిలదీస్తే, లింగ గుర్తింపును దుస్తుల్లో, మాటలో, నడవడికలో చూపుకోవడం భావప్రకటన స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2014 ఏప్రిల్ 15న నాల్సా తీర్పులో (ట్రాన్స్‌జెండర్ల హక్కుల మీద ఇచ్చినది) చెప్పిందని గుర్తుచేయండి. మొదటి మాటలోనే ఇది తీయకండి, పోట్లాటకి వచ్చినట్టుంటుంది. ఉత్తర్వు ఇచ్చేది బాలల సంక్షేమ కమిటీ. కాదంటే కారణంతో సహా నకలు అడిగి తీసుకోండి. ఫోస్టర్ కేర్ మీద అప్పీలు వెళ్లేది కోర్టుకి కాదు, కలెక్టరుకి. గడువు 30 రోజులే.