వాపు తగ్గేదాకా ఆగొద్దు: మంచు రోజుల్లో బండి నడిపేవాళ్లకు

పోయిన వారం పాతపట్నం నుంచి పర్లాకిమిడి వస్తున్న కుర్రాడు, తెల్లవారుజామున మంచులో కనపడక, రోడ్డు పక్కన ఆపిన ధాన్యం ట్రాక్టర్ తొట్టిని వెనక నుంచి గుద్దేశాడు. గడ్డం కింద చీరుకుంటే ఐదు కుట్లు వేయించుకుని ఇంటికెళ్లిపోయాడు. ఆరో రోజు నేను పనిచేసే పళ్ల క్లినిక్‌కి వచ్చేసరికి నోట్లో రెండు వేళ్లు పట్టడం లేదు. "వాపు తగ్గాక చూపిద్దామనుకున్నాం బాబూ" అంది వాళ్లమ్మ.

హెల్మెట్, మందు సంగతి మీకు తెలిసిందే, మళ్లీ చెప్పను. ఈ వాపు మాట గురించే నా బాధంతా. ఎంతమంది నోట విన్నానో!

దవడ విల్లులా వంగిన ఎముక. దెబ్బ గడ్డానికి తగిలినా చాలాసార్లు చెవి ముందున్న కీలు దగ్గర విరుగుతుంది. పైన కుట్లు పడ్డాయి కదా, అయిపోయిందనుకుంటారు. లోపల ఎముక రెండు మూడు వారాల్లో వంకరగా అతుక్కోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత సరిచేయాలంటే మళ్లీ విరగ్గొట్టి ప్లేట్లు వేయాల్సి రావచ్చు. వాపు తగ్గేదాకా ఆగొద్దు.

పళ్లు మునుపటిలా కలవడం లేదా? కింది పెదవి గానీ బుగ్గ గానీ మొద్దుబారిందా? ఒకటి రెండుగా కనిపిస్తోందా? ఏ ఒక్కటున్నా అదే రోజు ఎక్స్‌రే తీయించండి. స్కాన్ అంటే బరంపురమో శ్రీకాకుళమో, ఏది దగ్గరైతే అది. ఆరోగ్య కార్డు ఆంధ్రాలో చెల్లుతుందో ఒడిశాలో చెల్లుతుందో తేల్చుకుంటూ రోజులు పోగొట్టుకోకండి.

రోడ్డు మీద ముఖం నిండా నెత్తురుతో ఎవరైనా కనిపిస్తే వెల్లకిలా పడుకోబెట్టొద్దు. నాలుక వెనక్కి జారి, నెత్తురు గొంతులోకి పోయి ఊపిరాడదు. తెలివిలో ఉండి కూర్చోగలిగితే ముందుకు వంచి కూర్చోబెట్టండి. తెలివి లేకపోతే మెడ తిరగకుండా తలా ఒళ్లూ కలిపి పక్కకు తిప్పండి. 108కి ఫోన్ చేయండి. కేసవుతుందని భయపడొద్దు, సాయం చేసినవాళ్లను పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని చట్టమే ఉంది. నీళ్లు తాగించొద్దు. గాయంలో పసుపు, కాఫీపొడి పెట్టొద్దు. దవడకు మాలిష్ చేయొద్దు. ముక్కు చీదొద్దు, బుగ్గ ఎముక విరిగుంటే గాలి కంటి చుట్టూ చేరుతుంది. ముక్కులోంచి నీళ్లలా కారుతుంటే దూది కుక్కొద్దు. పెద్దవాళ్ల పన్ను ఊడితే వేరు ముట్టుకోకుండా తీసి, పాలలో వేసి, గంటలోపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ట్రాక్టర్ ఉన్నవాళ్లు తొట్టి వెనక ఇవాళే రేడియం స్టిక్కర్ అంటించండి. చీకట్లో రోడ్డు మీద ఆపొద్దు.

పిల్లల్ని స్కూటర్ ముందు నిలబెట్టొద్దు. పడి గడ్డం పగిలితే, ఏడుపు ఆగింది కదా అని వదిలేయొద్దు. చెవి ముందున్న దవడ కీలు బిగుసుకుపోతే నోరు తెరుచుకోదు, ఆ వైపు దవడ ఎదగదు. నోరు ఎంత తెరుస్తున్నారో అదే రాత్రి చూడండి.