స్కోర్‌షీట్ చదువుదాం – 4వ పాఠం: ఎనభై కొట్టిన జట్టా, అరవై కొట్టిన జట్టా?

గుంటూరు కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టుతో కొత్త కోచ్ ఆడిస్తున్న 2-3 జోన్ (ముందు ఇద్దరు, వెనక ముగ్గురు నిలబడి బుట్టని కాచుకునే పద్ధతి) స్కోర్‌షీట్‌లో ఎక్కడ కనబడుతుందో ఈసారి చెబుదామనుకున్నాను. అది వాయిదా. పోయిన పాఠం చివర ఏదైనా ఒక మ్యాచ్ చూసి రెండు జట్ల వంతులూ లెక్కపెట్టమన్నాను కదా, ఆ జవాబులు చూశాక ముందుకెళ్ళే ధైర్యం లేదు. బ్రాడీపేట నుంచి ఒకాయన ఒక జట్టుకి 91, రెండో జట్టుకి 68 అని పంపారు. పటమట నుంచి ఒకమ్మాయి 84, 70 అంది. ఇద్దరూ నీట్‌గా గీతలు గీసి, కూడి, కింద సంతకం కూడా పెట్టారు.

ఆ తేడా రానేరాదు. వంతంటే బంతి ఒక జట్టు చేతికి వచ్చిన దగ్గర్నుంచి అవతలి జట్టుకి పోయేదాకా. నీ తర్వాత నేను, నా తర్వాత నువ్వు, గోళీలాటలో లాగే. కాబట్టి ఒక క్వార్టర్‌లో రెండు జట్ల వంతుల మధ్య తేడా మామూలుగా ఒకటికి మించదు. మించిందంటే తప్పు ఆటలో లేదు, మీ పెన్సిల్‌లో ఉంది.

తప్పు ఎక్కడో నాకు తెలుసు. అందరిదీ ఒకటే. మనవాడు షాట్ వేశాడు, రింగుకి తగిలి బయటికొచ్చింది, మన సెంటరే పట్టాడు. మళ్ళీ వేశాడు, మళ్ళీ పోయింది. ఇంకొకడు గాల్లోనే తట్టాడు, పడింది. షాట్లు మూడు, ఆఫెన్సివ్ రీబౌండ్లు (మన షాట్ తప్పినా మనమే అందుకున్నవి) రెండు, పాయింట్లు రెండు. వంతు? ఒకటి. మీరు మూడు వేశారు.

అవతలివాడు బంతిని లైను బయటికి తోశాడు, త్రో-ఇన్ మనకే. అదే వంతు. షాట్ వేయకముందే ఫౌల్ అయింది, పక్కనుంచి బంతి మనకే ఇచ్చారు. అదే వంతు. బుట్టలో పడింది, పైగా ఫౌల్, ఒక ఫ్రీ త్రో. అదే వంతు. చివరి ఫ్రీ త్రో తప్పి మనవాడే అందుకున్నాడు. అదీ అదే వంతు. ఇద్దరి చేతుల్లో బంతి ఇరుక్కుని జంప్ బాల్ పడింది, బంతి ఎవరికో చూపే బాణం మనవైపే ఉంది. ఇంకా అదే వంతు!

“షాట్ క్లాక్ మళ్ళీ మొదలైంది కదండీ” అని ఒకరు వాదించారు. ఆ గడియారం షాట్ వేయడానికి ఇచ్చే గడువు. మొదలైంది, 24 సెకన్లకి కాదు, 14కి. ఆఫెన్సివ్ రీబౌండ్‌కి 14 సెకన్లే ఇవ్వడం 2014 నుంచి ఉంది. అది పాత వంతుకే పొడిగింపు. బస్సు దారిలో టీకి ఆగినంత మాత్రాన మళ్ళీ టికెట్ కొనరు కదా. నేను ఆడిన రోజుల్లో 30 సెకన్లు, 20 నిమిషాల సగాలు రెండు ఉండేవి. 2000లో 24 సెకన్లు, 10 నిమిషాల క్వార్టర్లు నాలుగు వచ్చాయి. గడియారం ఎన్నిసార్లు మారినా వంతు అర్థం మారలేదు.

ఇదంతా ఎందుకంటే, మనం జూలై నుంచి వెంటపడుతున్న గుంటూరు కాలేజీ జట్టు కోసం. పాత కోచ్ పిల్లల్ని పరిగెత్తించేవాడు. కొత్తాయన నడిపిస్తున్నాడు, ఐదు పాస్‌లు పడితేగానీ షాట్ లేదు. గోడమీద కూర్చునే సీనియర్లు “పోయినేడాది ఎనభై కొట్టేవాళ్ళు, ఇప్పుడు అరవైకే ఆయాసం” అని సణుగుతున్నారు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారికీ టెన్షన్ పట్టుకుంది.

అసలు స్కోర్లు బయటపెట్టనని మాటిచ్చాను, అందుకని ఈ అంకెలు నేను అల్లినవి. పోయినేడాది ఒక మ్యాచ్: 90 వంతుల్లో 78 కొట్టి 81 ఇచ్చుకున్నారు. ఈ ఏడాది ఒకటి: 66 వంతుల్లో 62 కొట్టి 57 ఇచ్చారు. నూరు వంతుల లెక్కకి తెస్తే అప్పుడు కొట్టింది 87, ఇచ్చింది 90. ఇప్పుడు కొట్టింది 94, ఇచ్చింది 86. అంటే బుట్టలో పడింది తగ్గినా దాడి మెరుగైంది. గోడమీది సీనియర్లకి ఇది నేను మూడుసార్లు చెప్పాను. వాళ్ళకి అరవై అరవైయే.

మ్యాచ్ చూడకుండా షీట్ మాత్రమే దొరికితే: షాట్లలోంచి ఆఫెన్సివ్ రీబౌండ్లు తీసి, షాట్ వేయకుండానే పోగొట్టుకున్న బంతులు కలిపి, ఫ్రీ త్రోలని 0.44తో గుణించి కలపాలి. అమెరికాలో కాలేజీ ఆటకి 0.475 వేసేవాళ్ళూ ఉన్నారు. నేను సగం, అంటే 0.5 వేసేస్తాను. కాంక్రీట్ కోర్టు పక్కన నిలబడి నోటితో చేసే లెక్కకి ఆ మాత్రం చాలు. పై 66 అలా వచ్చిందే: 58 షాట్లు, 10 ఆఫెన్సివ్ రీబౌండ్లు, 14 పోగొట్టుకున్నవి, 8 ఫ్రీ త్రోలు. పుస్తకం మూసి చేసి చూడండి.

ఇంకో మాట. విజయవాడ కాలేజీతో పోల్చమని అడిగారు. ఇంటర్ కాలేజియేట్‌లో వీళ్ళూ వాళ్ళూ ఎదురుపడరు. గుంటూరు కాలేజీలు నాగార్జున యూనివర్సిటీ కింద, విజయవాడవి కృష్ణా యూనివర్సిటీ కింద ఆడతాయి. ఏదైనా ఇన్విటేషన్ టోర్నమెంట్‌లో తగిలితేనే లెక్క. పైగా యూనివర్సిటీ క్యాంపుకి మంచి కుర్రాళ్ళు పోయాక ఆడిన మ్యాచ్‌లు కోచ్ ఖాతాలో వేయకండి. విడిగా రాసుకోండి.

అభ్యాసం: ఒక పూర్తి మ్యాచ్, నాలుగు క్వార్టర్లూ, ఫోన్ ముట్టకుండా. ఎడమ పేజీ ఒక జట్టుకి, కుడి పేజీ రెండో జట్టుకి. వంతు ముగిసినప్పుడే గీత గీయాలి, మొదలైనప్పుడు కాదు. ప్రతి గీత పక్కన ఎందుకు ముగిసిందో ఒక అక్షరం: బు అంటే బుట్ట, రీ అంటే అవతలివాళ్ళ రీబౌండ్, పో అంటే పోగొట్టుకున్నది, స అంటే సమయం అయిపోయింది. ఏ క్వార్టర్‌లోనైనా తేడా ఒకటి దాటితే ఆ పేజీ చింపి మరో మ్యాచ్‌కి వెళ్ళండి. సరిదిద్ది పంపొద్దు. బ్రాడీపేట ఆయన మాత్రం రెండు మ్యాచ్‌లు చేయాలి.