కుక్కపిల్లకు బయటికి వెళ్లే అలవాటు చేయడం

రెండు నెలల కుక్కపిల్ల పగటిపూట మెలకువగా ఉన్నప్పుడు రెండు మూడు గంటలకు మించి మూత్రం ఆపుకోలేదు. ఆటలో పడిందంటే అంతసేపు కూడా ఆగదు. వయసు పెరిగేకొద్దీ ఈ వ్యవధి పెరుగుతుంది గానీ, నాలుగైదు నెలలు నిండేదాకా అప్పుడప్పుడూ నేల తడుస్తూనే ఉంటుంది. అందువల్ల పిల్లకు నేర్పడం కన్నా ముందు ఇంటిల్లిపాదీ వేళలు పాటించడం నేర్చుకోవాలి. నిద్ర లేచిన వెంటనే, తిన్న తర్వాత పావుగంట నుంచి అరగంట లోపు, ఆట ముగియగానే, రాత్రి పడుకోబోయే ముందు దానిని తప్పకుండా బయటికి తీసుకువెళ్లాలి. తెల్లవారుజామున వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లడానికి లేచేవారే ముందుగా పిల్లను పెరట్లోకి తీసుకుపోతే సరిపోతుంది. ఆ పని మరిచి తలుపు తీస్తే, అది నేరుగా వెళ్లి అప్పుడే పెట్టిన ముగ్గు మీదనే కూర్చుంటుంది. అందులో దాని తప్పేమీ లేదు.

చోటు ఒక్కటే ఉండాలి. పార్వో (నెత్తుటి విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే వైరస్ వ్యాధి) వంటి రోగాలకు టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల ఎడంతో పదహారు వారాలు నిండేవరకు సాగుతాయి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది కాబట్టి, టీకాలు పూర్తి కాకముందే వీధికుక్కలు తిరిగే చోట పిల్లను దించరాదు. పెరడు ఉన్నవారు ఒక మూలను ఎంచుకోవాలి. నెల్లూరు, ఒంగోలు అపార్ట్‌మెంట్లలో ఉండేవారు బాల్కనీలో వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే పెట్టి దాన్ని ఇసుకతో నింపుకోవచ్చు; మలాన్ని ఎప్పటికప్పుడు తీసివేసి, మూత్రం తగిలిన ఇసుకను కొద్దిగా ఉంచితే, ఆ వాసన పిల్లను మళ్లీ అక్కడికే రప్పిస్తుంది. కాగితాల మీద అలవాటు చేయడం సులువే గానీ నేను సిఫారసు చేయను. కుక్కపిల్ల కాలి కింద తగిలే స్పర్శను గుర్తుంచుకుంటుంది కనుక, అలా పెరిగినది గుమ్మంలో పడిన ఆనాటి దినపత్రికను కూడా తన కోసమే వేశారనుకుంటుంది.

బయటికి నడిపించకుండా ఎత్తుకుని తీసుకువెళ్లడం మేలు. నడిస్తే దారిలోనే పని కానిచ్చేస్తుంది. అక్కడ దించి, ఆడించకుండా నిలబడి, ‘ఒంటికి పో’ అని ఎప్పుడూ అదే మాట అనాలి. అది పని ముగించిన మరుక్షణమే చిన్న తినుబండారమిచ్చి మెచ్చుకోవాలి. ఇంట్లోకి వచ్చాక ఇస్తే, లోపలికి వచ్చినందుకే ఇచ్చారనుకుంటుంది. పని కాగానే లోపలికి లాక్కురాకుండా కాసేపు తిరగనివ్వాలి, లేకపోతే బయట ఉండాలన్న ఆశతో ఆపుకోవడం నేర్చుకుంటుంది. ఐదు నిమిషాలు గడిచినా ఏమీ చేయకపోతే లోపలికి తెచ్చి, కళ్లెదుటే ఉంచుకుని, పది నిమిషాలకు మళ్లీ తీసుకువెళ్లాలి. ఆడుతున్న పిల్ల ఉన్నట్టుండి ఆట మాని, ముక్కు నేలకు ఆనించి ఒకే చోట గుండ్రంగా తిరుగుతున్నదంటే ఇక క్షణాల వ్యవధే ఉన్నట్టు.

లోపల తడిపినప్పుడు కొట్టడం, దాని ముక్కును ఆ తడిలో రుద్దడం వలన అది నేర్చుకునేది ఒక్కటే: మనం చూస్తుండగా చేయకూడదని. అప్పటి నుంచి మంచం కిందికో బీరువా వెనక్కో పోతుంది. చేస్తుండగా కనబడితే గట్టిగా చప్పట్లు కొట్టి ఎత్తుకుపోవాలి. తర్వాత చూస్తే మౌనంగా శుభ్రం చేసుకోవడమే. ఈ శుభ్రం దగ్గరే చాలామంది పొరబడతారు. చీమకుర్తి నల్ల గ్రానైట్ పరిచిన ఇళ్లలో తడి కంటికి ఆనదు, ఏటవాలుగా టార్చి వేసి చూస్తేనే మెరుస్తుంది. రాయి మీదిది తుడుచుకుపోయినా పలకల అతుకుల్లో ఇంకినది అక్కడే ఉండి, మనకు తెలియని వాసనతో పిల్లను మళ్లీ పిలుస్తుంది. ముందు పాతగుడ్డతో అద్ది, నీళ్లతో కడిగి, ఆపైన పెంపుడు జంతువుల సామాను దుకాణాల్లో దొరికే ఎంజైమ్ ద్రావణం వేసి కాసేపు ఉంచాలి. కడప రాయి, పాలరాయి నేలల మీద వెనిగర్ గానీ యాసిడ్ గానీ వాడితే మచ్చలు పడతాయి. మూత్రం మీద బ్లీచింగ్ పొడి చల్లితే ఘాటైన విషవాయువు వెలువడుతుంది. ఫినాయిల్ వేసిన నేల పూర్తిగా ఆరేదాకా పిల్లను రానివ్వకూడదు, అది పాదాలను నాకుతుంది.

తిండి వేళ తప్పితే విసర్జన వేళా తప్పుతుంది. రోజుకు మూడు నాలుగు సార్లు నిర్ణీత సమయానికి పెట్టి, పావుగంటకు గిన్నె తీసివేయాలి. పాలు మాన్పించడం మంచిది. తల్లిపాలు మానిన పిల్లల్లో చాలావాటికి ఆవుపాలు, గేదెపాలు అరగక విరేచనాలవుతాయి, అప్పుడు ఎంత నేర్పినా వృథా. రాత్రి పడుకునే ముందు నీళ్ల గిన్నె తీసివేయమని కొందరు చెబుతారు గానీ, రోళ్లు పగిలే రోహిణి కార్తెలో మన ప్రాంతంలో ఆ సలహా పాటించకూడదు. నీళ్లు ఉంచి, రాత్రి మధ్యలో ఒకసారి అదనంగా లేవడమే మార్గం.

ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు నుంచి డిసెంబరు వరకు కొన్ని పిల్లలు తడి నేల మీద కాలు పెట్టవు. అలాంటప్పుడు బయటికి తోసి తలుపు వేయకుండా, వసారా చూరు కింద ఇసుక ట్రే ఉంచి, గొడుగు పట్టుకుని మీరూ పక్కన నిలబడాలి. అలవాటైన పిల్ల ఉన్నట్టుండి మాటిమాటికీ కొద్దికొద్దిగా మూత్రం పోస్తుంటే అది మొండితనం కాదు, మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పశువైద్యునికి చూపించాలి. విరేచనంలో నెత్తురు పడి, తిండి మానితే ఆ పూట కూడా ఆగకుండా తీసుకువెళ్లాలి.