స్లాబు కారుతోందా? రివ్యూలు చదివి నమ్మకమైన కాంట్రాక్టరును పట్టుకోవడం ఎలా?

బెజవాడలో ఇంటి రిపేరు ఏదొచ్చినా ఇప్పుడు అందరూ ముందు గూగుల్ మ్యాప్స్ తెరుస్తున్నారు. మంచిదే. కానీ స్టార్లు లెక్కపెట్టి, పైన కనిపించినవాడికి ఫోన్ చేసి, అడ్వాన్స్ చేతిలో పెట్టి, ఆనక అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో లబోదిబోమంటున్నారు. స్లాబు లీకేజీ పనినే ఉదాహరణగా తీసుకుని చెబుతాను. జనం ఎక్కువగా మోసపోయేది అందులోనే.

కావాల్సింది ఫోను, కాగితం, ఒక గంట తీరిక. ‘హోమ్ రిపేర్స్’ అని వెతికితే ఏసీ మెకానిక్‌తో సహా అందరూ వస్తారు. ‘టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్’ అని కొట్టి పక్కన పటమట, భవానీపురం, ఇలా మీ పేట పేరు పెట్టండి. గుంటూరువాళ్లయితే బ్రాడీపేట, కొరిటెపాడు. ‘స్పాన్సర్డ్’ అని ఉన్నవాళ్లు డబ్బు కట్టి పైకొచ్చినవాళ్లు, దాటేయండి. నలభై రివ్యూలైనా లేనివాళ్లు వద్దు. 5.0 రేటింగ్ ఉన్నవాళ్లు అసలే వద్దు. అన్ని ఇళ్లలో పనిచేసిన మేస్త్రీకి ఒక్క ఇంట్లో కూడా పేచీ రాలేదంటే నేను నమ్మను. 4.2 నుంచి 4.7 మధ్య ఉన్నవాళ్లలో ఐదుగురిని రాసుకోండి.

‘ఇదంతా ఎందుకండీ, మా బావమరిదికి తెలిసిన మేస్త్రీ ఉన్నాడు’ అనేవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. ఆ మేస్త్రీ పని పాడుచేస్తే మీరు గట్టిగా అడగలేరు. అడిగితే బావమరిది మొహం మాడుతుంది, పండక్కి ఆ ఊసే నడుస్తుంది. ముక్కూమొహం తెలియనివాడితో అయితే మొహమాటం ఉండదు. నంబరు ఇవ్వగానే పదిమంది చేత ఫోన్లు చేయించే లిస్టింగ్ యాప్‌ల జోలికి కూడా నేను పోను.

ఇప్పుడు అసలు పని. ఇక్కడ తొందరపడొద్దు. రివ్యూల్లో ముందు చూడాల్సింది స్టార్లు కాదు, తేదీ.

వాటర్‌ప్రూఫింగ్ ఎక్కువమంది చేయించేది ఎండాకాలంలో. రోహిణి కార్తెలో కెమికల్ పూసి, సాయంత్రం డబ్బు తీసుకుని, గుమ్మంలోనే ‘మేడమ్, ఒక ఫైవ్ స్టార్ కొట్టండి’ అంటాడు. ఆవిడ కొడుతుంది. ఆ రివ్యూ మనకు ఏం చెబుతుంది? మనిషి టైముకి వచ్చాడని, మర్యాదగా మాట్లాడాడని, చెత్త ఊడ్చి వెళ్లాడని. స్లాబు కారుతుందో లేదో ఆవిడకే ఇంకా తెలియదు. జూన్ దాటి నాలుగు గట్టి వానలు పడాలి, అక్టోబరు, నవంబరు తుపాన్లు కూడా పోవాలి. అప్పుడు రాసినదే రివ్యూ.

గూగుల్ తేదీ వేయదు, ‘5 నెలల క్రితం’ అంటుంది. వెనక్కి లెక్కవేసుకోండి. ఏడాది దాటితే నెల కూడా తెలియదు. అప్పుడు రివ్యూలలో వెతికే భూతద్దం గుర్తు నొక్కి ‘వర్షం’, ‘వాన’, ‘లీక్’, ‘చెమ్మ’ అని కొట్టండి. మనవాళ్లలో చాలామంది తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు కాబట్టి అవే మాటలు అలా కూడా వెతకండి. ‘ఎడిట్ చేశారు’ అని ఉన్న రివ్యూ కనిపిస్తే వదలకండి. అలాంటివాటిలో వాన పడ్డాక వెనక్కి వచ్చి మార్చినవి ఉంటాయి.

‘సూపర్ వర్క్, గుడ్ బిహేవియర్’ అన్న ఫైవ్ స్టార్ ఒకటి ఉందనుకోండి. దాని కింద ఫోర్ స్టార్‌తో ఇంకొకటి: ‘అటక పక్క మూల కారేది, పోయిన అక్టోబరు వానలకు కారలేదు. పిట్టగోడ వైపు మళ్లీ చెమ్మ కనిపించింది, ఫోన్ చేస్తే రెండోరోజు మనిషిని పంపారు.’ నాకైతే ఆ ఫోర్ స్టార్ ఒక్కటే చాలు.

దొంగ రివ్యూలను పట్టడం సులువే. రాసినవాళ్ల పేరు మీద నొక్కితే వాళ్లు ఇంకేం రాశారో కనిపిస్తుంది, వాళ్లు దాచుకోకపోతే. ఒకే వారంలో సూరత్‌లో జిమ్‌కి, జైపూర్‌లో పళ్ల డాక్టరుకి, పటమటలో ప్లంబరుకి ఫైవ్ స్టార్ ఇచ్చినవాడు మన ఊరివాడు కాదు. ఆన్‌లైన్ రివ్యూల మీద బీఐఎస్ (వస్తువులకు ప్రమాణాలు పెట్టే కేంద్ర సంస్థ) 2022 నవంబరులో ఐఎస్ 19000 అని ఒక ప్రమాణం తెచ్చింది, కానీ దాన్ని పాటించడం స్వచ్ఛందం అనే తెచ్చింది. కాబట్టి వడపోత మన పనే.

వన్ స్టార్‌లు అన్నీ ఒకటి కావు. ‘గంట లేటు’ అన్నది వదిలేయండి, లేటుగా రాని మేస్త్రీని నేనింకా చూడలేదు. ‘అడ్వాన్స్ తీసుకుని ఫోన్ ఎత్తడం లేదు’ అని ఇద్దరు రాశారంటే ఆ పేరు కొట్టేయండి. ఓనరు జవాబులూ చూడండి. అందరికీ ఒకే థాంక్యూ అతికించేవాడికన్నా, ‘మీ బాత్రూమ్ పైపు వల్ల వస్తున్న చెమ్మ అది, స్లాబుది కాదు’ అని వాదించేవాడు మేలు. కనీసం ఇల్లు గుర్తుంది.

మిగిలిన ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేయండి. రెండేళ్ల కిందట చేసిన ఇల్లు ఒకటి చూపించమనండి. ఆ ఇంటివాళ్లను ఒక్కటే అడగండి: ‘ఆ పని అయ్యాక పడ్డ పెద్ద వానకు ఏమైందండీ?’ 2024కి ముందు చేసిన పని అయితే ఇంకా మంచిది. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1న, బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పటి వాన బెజవాడలో ఎవరికైనా గుర్తుంటుంది.

రేటు, వాడే మెటీరియల్ పేరు, గ్యారంటీ కాగితం మీద రాయించుకోండి. పని అయ్యాక గట్టు కట్టి డాబా మీద 48 గంటలు నీళ్లు నిలబెట్టమనండి. పదో వంతు డబ్బు వానలు పడ్డాకే ఇస్తానని ముందే చెప్పండి. ‘అలా కుదరదండీ’ అని వెళ్లిపోతే పోనివ్వండి. అప్పటికీ మోసం జరిగితే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ నంబరు 1915. ఫోన్ చేసేటప్పుడు ఆ కాగితం, చెల్లించిన రసీదులు దగ్గర పెట్టుకోండి.

ఇక మీ రివ్యూ. గుమ్మంలో ఎంత బతిమాలినా ఆ రోజు రాయకండి, నవంబరు తుపాన్లు దాటాక రాయండి. ఏ గది, ఏ మూల, ఎన్ని చదరపు అడుగులు, ఎంత తీసుకున్నాడు, వానకు ఏమైంది, అన్నీ. పైకప్పు ఫోటో ఒకటి జత చేయండి.