కుర్తాళం వెళ్లే బృందాలకు జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు పడమటి కనుమలను తాకాయంటే చెన్నైలోని మన తెలుగు కుటుంబాలు నాలుగైదు కలిసి శుక్రవారం రాత్రి పొదిగై ఎక్స్‌ప్రెస్ ఎక్కి, మర్నాడు తమిళనాడు దక్షిణాన ఉన్న తెన్‌కాశిలో దిగి, దగ్గరలోని కుర్తాళం జలపాతాల్లో స్నానం చేసి, అక్కడి సిద్ధేశ్వరీ పీఠమనే మఠాన్ని దర్శించుకుని ఆదివారం రాత్రికి తిరుగు రైలెక్కడం పరిపాటి. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా ముందుగా ఆలోచించవలసింది బస గురించి కాదు, కొండ మీద కురిసే వాన గురించి.

కింద ఎండ కాస్తున్నా పై అడవిలో కుండపోత కురిస్తే ఆ నీరంతా చూస్తుండగానే కిందికి దూకుతుంది. 2024 మే 17న పాత కుర్తాళం అనే జలపాతం దగ్గర అలా హఠాత్తుగా వచ్చిన వరదలో పదిహేడేళ్ల అబ్బాయి కొట్టుకుపోయి మరణించాడు. అప్పటికి సీజను మొదలే కాలేదు. తెల్లగా పడుతున్న నీరు ఎర్రమట్టి రంగుకు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, హోరు పెరిగినా పోలీసుల ఈల కోసం ఎదురుచూడకుండా వెంటనే బయటికి వచ్చేయాలి. పెద్ద జలపాతం దగ్గర రక్షణగా కట్టిన ఆర్చి మీదుగా నీరు పడుతుంటే పోలీసులు స్నానాలు ఆపేస్తారు. అంత దూరం వచ్చాం కదా అని వారిని బతిమాలడం తగదు.

అక్కడ ఆడవారికీ మగవారికీ స్నానాల చోట్లు వేరు కనుక కుటుంబం రెండుగా విడిపోతుంది. నీటిలోకి దిగకముందే అందరూ కలుసుకోవలసిన చోటు నిర్ణయించుకుని, ఈత వచ్చినా రాకపోయినా ఒక పెద్దమనిషిని పొడి బట్టలతో గట్టు మీదే ఉంచి, తలలు లెక్కపెట్టే బాధ్యత ఆయనకు అప్పగించండి. పిల్లల చేయి వదలకండి. ఒంటికి నూనె పట్టించుకునే అలవాటు ఉన్నవారు నున్నటి బండల మీద జారిపడే ప్రమాదం ఎక్కువని గుర్తుంచుకోవాలి. గుండె జబ్బు ఉన్న పెద్దలు ధార కింద తల పెట్టకుండా అంచున జల్లులో తడిస్తే చాలు. కోతుల బెడద ఉంది కనుక తినుబండారాలు చేత పట్టుకుని నడవకండి.

స్నానాలు నిషేధించిన రోజున అడవి దారిన శెంబగాదేవి జలపాతం వైపు దొంగచాటుగా ఎక్కే ప్రయత్నం ఎంతమాత్రం చేయకండి. దానికి బదులు చూడదగ్గవి వేరే ఉన్నాయి. నటరాజస్వామి నాట్యమాడాడని చెప్పే పంచసభల్లో ఒకటైన చిత్రసభ కుర్తాళంలోనే ఉంది. దాని గోడల మీది వర్ణచిత్రాలను నింపాదిగా చూడడానికే ఒక పూట పడుతుంది. తెన్‌కాశిలో పాండ్యులు కట్టించిన విశ్వనాథాలయం ఉంది. ఈ రెండింటినీ బయలుదేరే ముందే కార్యక్రమంలో రాసుకుంటే, జలపాతం మూసేశారని తెలిసినప్పుడు పిల్లలను ఒప్పించడం తేలికవుతుంది.